పార్కు చెంప, స్కూలు ముక్కు

“ముక్కు పగిలింది స్కూలు వరండాలో. చెంప వాచింది పార్కులో. ఈ రెండిటికీ ముడిపెట్టకమ్మా!”

ప్రిన్సిపాలు బల్ల గుద్దాడు. పెన్నుల డబ్బా ఎగిరిపడింది. ‘హింస వద్దు’ అని గోడకు అంటించిన పోస్టరు కూడా కాస్త అదిరింది.

ఎదురుగా పదో తరగతి అమ్మాయి, చేతిలో ఫిర్యాదు కాగితం. పక్కన ఆమెను వెంటబెట్టుకొచ్చిన లెక్కల టీచరు.

“కొట్టిన చెయ్యి ఒకటే కద్సార్!” అంది అమ్మాయి. “చెంప ఎందుకు వాచిందని క్లాసులో ఒకబ్బాయి అడిగాడు. అడిగిన పాపానికి, చెంప మీద కొట్టినవాడే వరండాలో ఆ అబ్బాయి ముక్కూ పగలగొట్టాడు.”

“ముక్కు నా పరిధి. మూడు రోజులు సస్పెండ్ చేశాను. చెంప ప్రేమ వ్యవహారం. పార్కుకు నేను ప్రిన్సిపాల్ని కాను!”

“నాలుగో రోజు వస్తాడు సార్. మళ్లీ కొడతాడు. కనీసం వేరే సెక్షన్‌కి మార్చండి. ఈ కాగితం ఒక్కసారి చదివితే...”

“ప్రేమలేఖలూ చదవను, ప్రేమ ఫిర్యాదులూ చదవను. అంతా కుర్రకారు వలపు!”

“వలపైతే వాపెందుకు వస్తుంది సార్?” అంది టీచరు.

“మీరు కూడికలు చెప్పండి టీచరుగారూ, కూడని మాటలు చెప్పకండి!” తన చమత్కారానికి తనే పొట్ట పట్టుకుని నవ్వి, అమ్మాయి వైపు తిరిగాడు. “అయినా నీ చెంపకేమైంది? నిక్షేపంలా ఉందిగా!”

“అసలు సంగతేంటంటే సార్...”

“అసలు సంగతి నాకు తెలీదూ? పెంపకం!” గుమస్తాను కేకేశాడు. “కొట్టవయ్యా ఒక ఉత్తరం. ‘అయ్యా, మీ అమ్మాయి ఎవడితో పార్కుల వెంట తిరుగుతోందో మీకు పట్టదు. రోజుకొక్కసారైనా దాని మొహం వంక చూస్తున్నారా? కన్నారు సరే, కనిపెట్టుకున్నారా? మీలాంటి చేతకాని తండ్రి వల్ల మా స్కూలు పరువు పోతోంది.’ కామా పెట్టకు, ఫుల్‌స్టాప్ పెట్టు. ఇలాంటి తండ్రులతో మనకింక మాటల్లేవు!”

గుమస్తా టకటకా కొట్టి ప్రింటు తీశాడు. ప్రిన్సిపాలు బర్రున సంతకం గీకాడు. చాలదనిపించి స్టాంపు కూడా గుద్దాడు. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, జిగురు అంచును నాలుకతో తడిపి, అతికించి, పెన్ను మూత తీశాడు.

“ఊఁ, చెప్పు. తండ్రి పేరు?”

అమ్మాయి టీచరు వంక చూసింది. చెప్పెయ్యమన్నట్టు టీచరు తలూపింది.

“మీ పేరే రాయండి సార్. చెంప నాది కాదు, నా స్నేహితురాలిది. వాచిన చెంపకి పంటి నొప్పని పేరు పెట్టి, నాలుగు రోజులుగా మీ పక్కనే కూర్చుని అన్నం తింటున్నది మీ అమ్మాయే.”