ఆచూకీ

ఫొటో చూడగానే పడవవాడు తల ఊపాడు. ఏదో అన్నాడు.

ఆ భాష ఆవిడకు రాదు. కానీ ఆ తల ఊపడం అర్థమైంది.

"చూశాడట అక్కా!" అన్నాడు గైడు. సంతోషం పట్టలేక పడవవాడి భుజం తట్టాడు. "నీళ్ళల్లో కొట్టుకుపోతుంటే తనే పడవలోకి లాగాడట. మతి పోయిందట, మాట లేదట. పై వీధిలో దిక్కులేనివాళ్ళ ఆశ్రమం ఉందట, అక్కడే ఉన్నారట."

ఆవిడ ఫొటో వెనక్కి తీసుకుని కొంగుతో తుడిచింది.

"ఆయనేనని గట్టిగా చెప్పగలడా? అడుగు తమ్ముడూ."

గైడు అడిగాడు. పడవవాడు మళ్ళీ తల ఊపాడు.

ఏటా ఉత్తరాది యాత్రకు బయల్దేరే ఈ బస్సులో ఆవిడ పేరు ఫొటో అక్క. నాలుగేళ్ళ క్రితం భర్తతో, కూతురితో కలిసి ఇదే యాత్రకు వచ్చింది. ఇదే రేవులో, స్నానాల రద్దీలో, ఆయన కనిపించకుండా పోయాడు. పోలీసులు వెతికారు. ఈతగాళ్ళు వెతికారు. శవం కూడా దొరకలేదు.

అప్పటినుంచి ప్రతి ఏడూ వస్తూనే ఉంది. అందరూ గుళ్ళోకి వెళ్తే ఆవిడ బయట కూర్చున్నవాళ్ళ మొహాలు చూసుకుంటూ తిరుగుతుంది. సత్రాలు, ఆస్పత్రులు, సాధువుల గుడారాలు దేన్నీ వదలదు. ఏ గుళ్ళోనూ ఆవిడ దణ్ణం పెట్టుకోవడం మాత్రం ఎవరూ చూడలేదు. కూతురు మళ్ళీ రాలేదు. నది మాటెత్తితేనే ఆ పిల్లకు జ్వరం వస్తుందట.

గైడుకు ఆయన బాగా గుర్తు. "బస్సు బస్సంతా నవ్వించేవారు బావగారు" అని కొత్తవాళ్ళకు చెబుతుంటాడు.

"జనంలోకి దిగితే నా మెడ మీంచి చెయ్యి తీసేవారు కాదు" అంది ఆవిడ నిన్న బస్సులో, ఎవరో ఆయన గురించి అడిగితే.

పక్క సీటు పిన్నిగారు కళ్ళొత్తుకుంది. "ఎంత అదృష్టవంతురాలివమ్మా! మా ఆయన ఫర్లాంగు ముందు నడిచేవాడు. వెనక వస్తున్నది నేనో మేకపిల్లో కూడా చూసుకునేవాడు కాదు."

ఇప్పుడు కబురు తెలిసి బస్సులో జనమంతా కదిలిపోయారు. దర్శనం ఎక్కడికీ పోదు, ముందు మనిషి దొరకాలి అన్నారు. పిన్నిగారు చెప్పులేసుకుని తోడు బయల్దేరింది.

ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు. గైడు ముందు దూసుకుపోతున్నాడు. ఆవిడకు అడుగు పడటం లేదు. ఒకచోట గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?"

"పిన్నిగారూ, మతి పోయినవాళ్ళకు మళ్ళీ గుర్తొస్తుందంటారా?"

"ఎందుకు రాదూ? నీ మొహం చూస్తే చాలు, అన్నీ అవే గుర్తొస్తాయి. చూస్తూండు."

ఆవిడ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

ఆశ్రమమంటే పొడవాటి ఒకే ఒక్క గది. రెండు వరసల ఇనప మంచాలు. ఫినాయిలు వాసన. గుమ్మం పక్కన బక్కెట్లలో నానేసిన దుప్పట్లు. నిర్వాహకుడు కిటికీ దగ్గరి మంచం చూపించాడు. ఎవరో గోడవైపు తిరిగి పడుకున్నారు. అదే భుజాల వెడల్పు. నడినెత్తిన అదే బట్టతల.

గైడు అడుగు ముందుకు వేయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరిక్కడే ఉండండి. నేనొక్కదాన్నే వెళ్తాను."

మంచాల మధ్యనుంచి నడిచి వెళ్ళింది. దగ్గర నిలబడింది. పిలవలేదు. ముట్టుకోలేదు. చూసి చూసి నిర్వాహకుడే గుమ్మంలోంచి గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆ మనిషి ఇటు తిరిగాడు. బోసినోటితో నవ్వాడు. పిల్లికళ్ళు.

ఆయన కాదు.

ఆవిడ ఉన్నచోటే కూలబడిపోయింది. మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ కంట నీరు చూడని గైడు తనూ తట్టుకోలేక గోడవైపు తిరిగాడు.

కాసేపటికి లేచింది. ముసలాయన కాళ్ళ దగ్గరికి జారిపోయిన దుప్పటిని మెడదాకా లాగి కప్పింది. సొంత మనిషికి కప్పినట్టు, అంచులు సర్ది మరీ.

"నిరాశపడకండక్కా" అన్నాడు గైడు తిరిగొస్తుంటే. "వచ్చే ఏడు దిగువ ఊళ్ళు కూడా గాలిద్దాం. నేనున్నాగా."

"గాలించాలి తమ్ముడూ. ఒక్క ఊరూ వదలకూడదు."

ఆ సాయంత్రం బస్సులో ఎవరూ భజన ఎత్తుకోలేదు. "ఈ కాలంలో ఇలాంటి ఇల్లాలా!" అని పిన్నిగారు ముందు సీటువాళ్ళకూ వెనక సీటువాళ్ళకూ చెప్పి, ముక్కు చీదుకుంది.

బసకు చేరగానే ఆవిడ గది తలుపు వేసుకుని కూతురికి ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తింది ఆ పిల్ల.

"అమ్మా, నాన్న దొరికాడని గైడు మెసేజ్ పెట్టాడు!"

"తొందరపడి పెట్టాడమ్మా. కాదు. వేరే ఎవరో పెద్దాయన."

"సరిగ్గా చూశావా?"

"ఎదురుగా నిలబడి చూశాను."

అవతల ఏడుపు. ఆపుకున్నా ఆగని ఏడుపు. ఆవిడ ఊరుకోమనలేదు. దాని పాటికి అది తగ్గేదాకా ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి అంది:

"ఇంక అన్నం తిని పడుకో తల్లీ, ఆ రోజు నువ్వు నీళ్ళల్లోకి తోసిన మనిషి ఈ ఏడు కూడా ఎక్కడా తేలలేదు."