పంటిగాటు లేని జామకాయ

మడుగుకు ఈ గట్టున ఉడుతలు, ఆ గట్టున బాతులు ఉండేవి. ఇకపై ఎవరి సరుకైనా సుంకం లేకుండా ఎవరి గట్టుకైనా పోవచ్చని ఉడుతల పెద్ద బాతులతో ఒప్పందం చేసుకొచ్చి, తోక పొంగించుకుని తిరిగాడు.

మర్నాటి నుంచే బాతుల తామరగింజలు ఈ గట్టు మీద కుప్పలు పడ్డాయి. జామకాయలు అమ్ముకునే చారలమ్మ ఉడుత వైపు చూసేవాళ్ళే లేరు. ఇంట్లో పిల్లలు పస్తు. సరే, తనూ బాతుల గట్టునే అమ్ముకుందామని ఒక మంచి కాయ నోట కరుచుకుని, మడుగంతా చుట్టి ఆ గట్టు చేరింది.

కాపలా బాతు కాయను అటూ ఇటూ దొర్లించి చూసింది.

"పంటిగాటు ఉందమ్మా. గాటున్న సరుకు మా గట్టున దిగకూడదు."

"అదేంటన్నా, ఉడుతలం నోటితో కాక దేంతో మోస్తాం?"

"మేమూ నోటితోనే తెస్తున్నాం. మా సరుకు మీద ఒక్క గాటు చూపించు! రూలు అందరికీ ఒకటే."

పళ్ళే లేని ముక్కుతో ఎంత న్యాయంగా మాట్లాడిందో!

చారలమ్మ కాయతోనే తిరిగొచ్చింది. ఉడుతల పెద్ద హుషారుగా ఎదురొచ్చాడు.

"ఏమ్మా, వాళ్ళ తలుపు తీసే ఉందా?"

"బార్లా తీసుంది మామా. పళ్ళు పీకించుకుని రమ్మన్నారు. పెద్దవాడివి, ముందు నువ్వు పీకించుకో."