యవత్తు లేని అభ్యంతరం

మెట్టుగూడలో ఆ రెండిళ్ల మధ్య ఉన్నది ఉమ్మడి గోడ. దాన్ని మూడడుగులు లేపాలంటే పక్కింటాయన ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిందేనన్నాడు ఇంజినీరు. రెండేళ్లుగా మాటల్లేని ఆ పక్కింటాయన మొహం కనబడకూడదనే కదా రాఘవేందర్ గోడ లేపేది!

పక్కింటి జకర్యా రిటైరైన తెలుగు మాస్టారు. రాఘవేందర్ రాసుకొచ్చిన ఒప్పుదల కాగితం అందుకుని ఎర్ర పెన్ను తీశాడు.

"'అభ్యంతరం లేదు'లో యవత్తు ఏదయ్యా? తప్పుల కాగితం మీద నేను సంతకం చెయ్యను. మళ్లీ రాసుకురా."

మర్నాడు "గోడ" కాస్తా "గొడ" అయిందన్నాడు. ఆ మర్నాడు తారీఖు లేదన్నాడు. దిద్దినంతసేపూ కూర్చోబెట్టి అల్లం చాయ్ తాగించాడు. నాలుగో రోజుకు మాటలు మోకాళ్ల నొప్పుల దాకా వచ్చాయి.

ఆరో రోజు ఒక్క తప్పూ దొరకలేదు. జకర్యా రెండుసార్లు చదివి, నిట్టూర్చి, సంతకం పెట్టాడు.

రాఘవేందర్ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"సార్, గిదేంది? మీ సంతకంల 'జ' సక్కగ లేదు."

"అది నా సంతకమయ్యా!"

"ఎవరిదైతేంది సార్, తప్పు తప్పే." కాగితాన్ని పర్రున చింపేశాడు. "రేపు మళ్ల రాసుకొస్తా. చాయ్‌ల జెర అల్లం ఎక్కువెయ్యమనుండ్రి."