కాగితం మీద కూర్చోని మనిషి

“కాయితమంటే సరస్వతి. కాలు తగిల్తే కళ్లకద్దుకుంటాం. అలాటిదాని మీద పిర్రలానించి కూకోమంటావేటమ్మా?”

వైకుంఠరావు మేష్టారు ఈ మాట అనడం మూడు రోజుల్లో ముప్ఫయ్యోసారి. బరంపురం హల్దియాపదర్‌లోని ఆ రెండు గదుల ఇంటికి కోడలు వాసవీకుమారి కాగితం సోఫా తెచ్చిన దగ్గర్నుంచీ, ఆయన దానికి ఎదురుగా చెక్కపీట వేసుకుని, అరిగిన మోకాళ్లు మడుచుకుని, పంతంగా కింద కూర్చుంటున్నారు. లేవాలంటే గోడ పట్టుకోవాలి. అయినా సరే, పంతం పంతమే.

సోఫా అంటే ఇటుకల్లాంటి కాగితం దిమ్మలు. ఒకదాని గాడిలో ఒకటి బిగుస్తుంది. పగలు పేరిస్తే సోఫా, రాత్రి పరిస్తే మంచం, చుట్టాలొస్తే విడివిడిగా పీటలు.

“పాత పుస్తకాల్తో సేసినవి మావయ్యా. అట్టలు పీకీసి, జిగురెట్టి, మరలో నొక్కి, పైన దళసరి కాయితం అంటిస్తారు. ఒక్క సెట్టు కొట్టక్కర్లేదు. మన గున్ను గీరినా పైకాయితం మార్చుకుంటే సరిపోద్ది. పుస్తకాలన్నీ ఒకే కొలతుండాలంట, అదొక్కటే ఇబ్బంది,” అంది వాసవి.

గున్ను అంటే పిల్లి. పాత రెక్సిన్ సోఫాని పీచుపీచు చేసి పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఒప్పజెప్పించిన ఘనత దానిదే.

“పుస్తకాలు సింపి కుర్సీలా!” మేష్టారు మూతి తిప్పారు. “ఆడెవడో గానీ, ఆడికీ, ఆడికి పుస్తకాలమ్ముకున్న ఎదవలకీ ఏడు జన్మలెత్తినా అచ్చరమ్ముక్క అబ్బదు. సాయంత్రంలోగా ఈ సోఫా, ఆ పిల్లీ గడప దాటాలి. లేదంటే నానే దాట్తాను.”

వాసవి కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లు తెరవని కూనగా ఉన్నప్పుడు దూదితో పాలు పట్టి బతికించిన పిల్లి అది. మామగారికి ఎదురు చెప్పే అలవాటు లేక, లోపలికెళ్లి మూత ఉన్న బుట్ట తెచ్చింది.

మేష్టారికి పుస్తకమంటే ప్రాణం. అందులోనూ తను రాసిన పుస్తకమంటే మరీను. నూట ఎనిమిది పద్యాల ‘నీతి నౌక’ను వెయ్యి కాపీలు వేయించి, బరంపురంలో ఏ తెలుగువాళ్లింట పెళ్లయినా, గృహప్రవేశమయినా, సంతకం చేసి చదివింపుగా ఇచ్చి, సుష్టుగా భోంచేసి వచ్చేవారు. వెయ్యీ అయిపోయాయి. కాకిపిల్ల కాకికి ముద్దు. తన వెయ్యి పిల్లలూ వెయ్యి ఇళ్లలో గారాబంగా పెరుగుతున్నాయని ఆయన నమ్మకం.

సరిగ్గా అప్పుడే పట్టుచీరల కొట్టు నరసన్న గుమ్మంలోకొచ్చాడు. ఎవరేమన్నా తలూపడం అతనికి వ్యాపారంలో అబ్బిన గుణం.

“రా నరసన్నా, సూడు మా ఇంటి వైభోగం. సరస్వతీదేవిని పడుకోబెట్టి మీద కూకోమంటంది మా కోడలు.”

“ఆగ్యాఁ, అవునవును, కలికాలం మేష్టారూ,” అన్నాడు నరసన్న సోఫా వైపు అసహ్యంగా చూసి. “నానైతే మీ నీతి నౌక తలగడ పక్కనెట్టుకునే తొంగుంటాను. తెల్లారి రెండు పద్యాలు సదవందే టీ గొంతు దిగదు.”

మేష్టారు కోడలి వైపు తిరిగారు. “ఇన్నావా? పుస్తకానికి మర్యాదంటే అదీ.”

వాసవి గున్నుని బుట్టలో పెట్టబోయింది. అది బుట్టలో కూర్చునే రకం కాదు. చేతుల్లోంచి జారి, సోఫా మీదికి గెంతి, చేతులానించే దిమ్మకి గోళ్లు గుచ్చి బర్రున కిందిదాకా గీరింది. పైకాగితం అరటితొక్కలా ఊడి వేలాడింది.

మేష్టారు గోడ పట్టుకుని లేచి, పిల్లి మీదికి చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఊడిన కాగితం కింద ఊదారంగు సిరా. గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాలు ఆయనవే.

‘ప్రియమిత్రుడు నరసన్న కుమార్తె వివాహ శుభసందర్భమున, ఆశీస్సులతో, వైకుంఠరావు.’

నరసన్నా చదివాడు. తేలు కుట్టిన దొంగలా చెప్పులు తొడుక్కుని, కొట్లో ఎవరూ లేరని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మేష్టారు పక్క దిమ్మ చించారు. ‘డాక్టరుగారి గృహప్రవేశమునకు.’ దాని పక్కది చించారు. ‘నా తోడల్లునికి, షష్టిపూర్తి కానుకగా.’ మరొకటి చించారు. అదీ నీతి నౌకే. మర్యాద తెలిసిన ఊరని ఇన్నాళ్లూ ఆయన మురిసిన బరంపురం మొత్తం ఆ సోఫాలో వరసగా బిగిసి ఉంది.

మూడు రోజుల్లో మొదటిసారి మేష్టారు సోఫా మీద కూలబడ్డారు. కాగితమే అయినా గట్టిగానే మోసింది. గున్ను వచ్చి ఒళ్లో ముడుచుకుంది. ఆయన తొయ్యలేదు.

“నీకు తెలుసా?” అన్నారు కోడలితో.

“తెలుసు మావయ్యా. ఆర్యపల్లి దారిలో సోఫాలు సేసే షెడ్డులో మీ పుస్తకాలు కళ్లారా సూసేను. బయటోళ్లెవరో కొనుక్కుని కూకునే కన్నా మనింటికే తెచ్చీడం నయమనుకున్నాను.” బుట్ట మూలన పెట్టేసి, వాసవి కాస్త నసిగింది. “సెప్పొచ్చో సెప్పకూడదో గానీ, ఒకే కొలతలో ఇన్ని కాపీలు ఇంకే పుస్తకానివీ దొరకలేదంట. ఇంకా నాలుగు సోఫాలకి బేరం ఉందంట. రెండో ముద్రణ ఎప్పుడేస్తారో మిమ్మల్ని అడిగి సెప్పమన్నారు.”