ఒకే రంగు జెర్సీలు

"దేవక్కా, కొంప ముంచినవ్! ప్రాక్టీసుల జతగ ఆడేటోళ్లకే ఒక్క రంగు జెర్సీలు పెట్టాలె. నువ్వు టీముల ఆ ఇద్దరు పగోళ్లకు పచ్చయి పెట్టినవ్. నీ నౌకరి ఖలాస్!"

అబుదాబి ఐస్ హాకీ రింకులో మంచు చదును చేసే భూమేశ్ మాటలకు, జెర్సీలు ఉతికే దేవి రింకు చుట్టూ ఉన్న అద్దం దగ్గరికి గబగబా వెళ్లింది.

అద్దం అవతల ఆ ఇద్దరూ వరసగా మూడో గోల్ కొట్టి, కౌగిలించుకుని మంచుమీద దొర్లారు.

కోచ్ పరుగున వచ్చాడు. "వీళ్లను ఎవరు కలిపారు?"

దేవి చెయ్యెత్తింది. "రోజూ అలా కొట్టుకుంటుంటే అన్నదమ్ములనుకున్నానండీ!"

భూమేశ్ ఆ మాట కోచ్‌కి హిందీలో చెప్పాడు.

కోచ్ పడీపడీ నవ్వి, మిగిలిన జెర్సీల బుట్ట ఆమె చేతికిచ్చాడు. "రేపే ఫైనల్. ఇవీ పంచి, మిగతా జతల్నీ నువ్వే కలుపు."

దేవి అప్పుడే బుట్ట కలియబెడుతోంది. "అయితే మాటకి ముందు సారీలు, థాంక్యూలు చెప్పుకునే ఆ ఇద్దర్నీ విడదీసెయ్యాలండీ!"