దమ్మాం నుంచి నాలుగుంబావు గంటలు

"దమ్మాం నుంచి హైదరాబాద్‌కు మూడు వేల నూరు కిలోమీటర్లు. నాలుగుంబావు గంటల్ల దిగుతది" అన్నాడు ఐలేశ్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

అతని అన్న కరుణాకర్ వచ్చే విమానం అది. చిల్పూర్‌లోని ఆ వాకిట్లో ఒక్కరూ ఏనాడూ విమానం ఎక్కింది లేదు. అయినా లెక్కలు చెప్పడానికి అందరూ తయారే. ఎయిర్‌పోర్టు బయటికి రావడానికి గంట, అక్కడి నుంచి జనగామ మీదుగా ఇంటికి మూడు గంటలు. ఎట్లా కూడినా సాయంత్రం నాలుగు.

"పొద్దుగూకినంక మట్టి చెయ్యొద్దు" అన్నాడు కులపెద్ద మొండయ్య. "ఐదున్నర దాక జూస్తం. ఇగ ఆ మీద ఆగేది లేదు."

గడప లోపలున్న అండాలుకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. కరుణాకర్ ఆమె మొగుడు. మూడేళ్ల కింద జనగామ బస్టాండులో చూసిన ముఖం. వచ్చే నెల వస్తానని మొన్ననే ఫోన్‌లో అన్నాడు. ఒక్కసారి ఆ ముఖం చూస్తే చాలు, తర్వాత వీళ్లు ఏం చేసుకుంటే అది చేసుకోనీ.

పొద్దున తోటికోడలు సౌందర్య ఆమెకు నీళ్లు పోసింది. ముఖానికి పసుపు రాసి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు తొడిగింది.

"గీ బొట్టు చూస్తుంటె నా పానం ఆగుతలేదక్కా" అని బావురుమంది.

అండాలు ఏదో అనబోయింది. సౌందర్య అప్పటికే ముఖం తిప్పుకుంది.

ఆ వాడలో ఎవరూ పొయ్యి ముట్టించలేదు.

తొమ్మిదిన్నరకు ఐలేశ్ గొంతు మారింది. "అక్కడ పొగమంచట. విమానం గంటన్నర లేటుగ లేసింది."

సాయంత్రం నాలుగన్న లెక్క కాస్తా ఐదున్నర అయింది. మొండయ్య ఆకాశం వైపు చూశాడు.

"ఇంకెంత దూరమున్నడు ఐలేశూ?" అని అడిగింది అండాలు.

జవాబు లేదు. మళ్లీ అడిగింది. ఐలేశ్ ఫోన్‌లో సముద్రం దాటుతున్న చిన్న విమానం బొమ్మనే చూస్తున్నాడు. చెప్పడానికి నోరు రాలేదేమో. ఇంట్లో చలి ఎముకల్లోకి పోతోంది. దుప్పటి కప్పుదామని కూడా ఎవరికీ తోచలేదు.

ఐదయింది. బయట మంట వేసి డప్పులు కాపుతున్నారు.

"జనగామ దాటిన్రట" అన్నాడు ఐలేశ్.

ఐదుంబావు. ఐదున్నర.

"ఇగ లేవుండ్రి, పొద్దు పడుతున్నది" అని మొండయ్య కండువా దులుపుకున్నాడు. మగవాళ్లు గడప దాకా వచ్చారు.

"మీ కాళ్లు మొక్కుత, జరసేపు ఆగుండ్రి" అని అండాలు బతిమాలింది. ఒక్కరూ ఆమె వైపు చెవి పెట్టలేదు. అంత దూరం దాటి వచ్చినవాడు, ఈ కాస్త దూరంలో అందకుండా పోతాడా అని ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడు వాకిట్లో బండి చప్పుడైంది.

అది ఆగకముందే దూకి, అందరినీ నెట్టుకుంటూ లోపలికొచ్చిన కరుణాకర్, ఫ్రీజర్ పెట్టె అద్దం మీద రెండు చేతులూ ఆనించి, "నేనొచ్చిన అండాలూ, జర కండ్లు తెరువు" అన్నాడు.