కాసేపాగి

వేసవి సెలవుల ఆఖరి రోజు మధ్యాహ్నం రెండింటికి వీధికంతటికీ కరెంటు పోయింది.

మామూలుగా పోవడం కాదు. మూలనున్న ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని ఓ కేక పెట్టి, పొగ వదిలి ఊరుకుంది.

కుట్టుమిషను అక్క చల్లారుతున్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి లేచింది. రేపే బడి తెరుస్తారు. సాయంత్రానికి ఇరవై ఎనిమిది యూనిఫారాలు ఇవ్వాలి. వాటిలో తొమ్మిది ఇంకా ఇస్త్రీ కాలేదు.

బయటికొచ్చి చూస్తే వీధి వీధంతా ట్రాన్స్‌ఫార్మర్ ముందే ఉంది.

“ఎన్ని ఇళ్ళండీ ఇక్కడ?” ఖాకీ చొక్కా లైన్‌మన్ తల పైకెత్తి అంతస్తులు లెక్కపెట్టాడు.

“మేం వచ్చినప్పుడు నలభై. ఇప్పుడు మూడొందల చిల్లర,” అంది మేడమీది పిన్నిగారు, అవన్నీ తనే కట్టించినట్టు.

“ఇది ఆ నలభై ఇళ్ళకు పెట్టిందండీ. ఇన్ని ఏసీలు, ఇన్ని మోటార్లు మోస్తూ ఇన్నేళ్ళు ఎలా బతికిందో! ఎవరో చేత్తో పట్టుకుని ఆపినట్టుంది.”

పిండిమర బాబాయి నవ్వాడు. “కాసేపాగి తాత ఉంటే, ‘చెప్పానా లేదా’ అనేవాడు.”

అందరూ నవ్వారు.

ఆ తాతది అదో గోల. రోజూ గొడుగేసుకుని వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి చెవి ఒగ్గేవాడు.

“దగ్గుతోందమ్మా. నీ ఇస్త్రీపెట్టె కాసేపాగి పెట్టుకో, పిండిమర ఆగాక.”

తర్వాత మేడెక్కి, “మోటారు కాసేపాగి వేసుకోండి తల్లీ.”

“నువ్వేమన్నా కరెంటాఫీసు వాడివా తాతా?” అని అక్క ఓసారి ఎగతాళి చేసింది.

“ఇప్పుడు కాదులేమ్మా,” అన్నాడు.

అతన్ని వదిలించుకోవాలంటే స్విచ్చి కట్టెయ్యడం ఒక్కటే దారి. కట్టేసేవారు.

“అవునూ, పది రోజులైంది. కనబడటం లేదేం?” అంది అక్క.

“పోయిన శుక్రవారం పోయాడటమ్మా,” అన్నాడు బాబాయి నెమ్మదిగా. “పక్క వీధిలో ఒక్కడే ఉండేవాడట. ఏం పని చేసేవాడో మనం అడగనేలేదు.”

నాలుగింటికి లైన్‌మన్ మరో ట్రాన్స్‌ఫార్మర్ బిగించాడు.

“ఇది పెద్దదేనా?” అడిగింది అక్క.

“అదే సైజమ్మా. పెద్దది కావాలని మీ వీధి నుంచి అర్జీ వస్తేగా!”

కరెంటు రాగానే వీధి ఆవురావురుమంటూ దాని మీద పడింది. మోటార్లు, మర, ఏసీలు, అన్నీ ఒక్కసారే. అక్క కొట్లో బల్బు ఎర్రబడింది. మూల నుంచి గరగరమని చప్పుడు.

దగ్గుతోంది!

అక్క ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

“పిన్నిగారూ! మోటారు కాసేపాగి వేసుకోండి!”

“ఓసినీ, తాత గానీ పూనాడా ఏమిటే!”

“ముందు నా తొమ్మిది యూనిఫారాలు, తర్వాత మీ నీళ్ళు. బాబాయ్, నీ మర ఆరింటికి!”

నవ్వుకుంటూనే అందరూ ఆగారు. చీకటి పడేలోగా ఇరవై ఎనిమిదీ ఇళ్ళకు చేరాయి.

కొట్టు సర్దుతుంటే మేకుకు వేలాడుతున్న సంచీ కంటబడింది. తాత ఆఖరిసారి వచ్చినప్పుడు ఇచ్చింది.

“జేబు ఊడింది, కాస్త కుట్టమ్మా. ఈ చొక్కాతో వెళితే ఆఫీసులో లోపలికి రానిస్తారు,” అన్నాడు.

“కాసేపాగి రా తాతా,” అంది తను, తలెత్తకుండానే.

సంచీ విప్పింది. ఖాకీ చొక్కా. దాని మడతలో ఓ కాగితం. ఏ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని మోటార్లు, ఎవరికి ఏ వేళ, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. పైన, ‘మా వీధికి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కోరుతూ’ అని.

అడుగున, ‘ఇట్లు, ఈ వీధిలో మొదటి స్తంభం పాతిన లైన్‌మన్’ అని.

జేబు ఇంకా కుట్టలేదు.